అమ్మ చేతి గోలీ

హిమజ పోగొట్టిన గొడుగులన్నీ దొరికితే నాచారంలో ఒక దుకాణం పెట్టొచ్చని వాళ్ల నాన్న మహిపాల్ అంటుంటాడు. గొడుగులే కాదు, టిఫిన్ డబ్బాలు, స్కార్ఫులు, బస్ పాసులు కూడా. మూడో తరగతిలో ఒకసారి కాలి చెప్పు ఒకటి పోగొట్టుకుని ఇంటికి వచ్చింది.

"నడుస్తుంటె తెలువలేదానే?" అని తల్లి దుర్గాభవాని అడిగితే, పిల్ల తన కాళ్ల వైపు చూసుకుని, అప్పుడే తెలిసినట్టు నోరు తెరిచింది.

అప్పటినుంచి ఇంట్లో ఆమె పేరు ఆగం. "ఆగం తిన్నదా?" "ఆగం బస్సెక్కిందా?" అని అడుగుతారు. తల ఒక దారి, కాళ్లు ఒక దారి పట్టిన మనిషిని ఆ వైపు జనం అలాగే అంటారు. పిలిచేవాళ్లకు అది ముద్దుపేరే. హిమజ కూడా చాలాకాలం నవ్వుతూనే పలికింది.

మహిపాల్, దుర్గాభవాని పెళ్లైన కొత్తలో ఆలేరు దగ్గరి ఊరు విడిచి నాచారం వచ్చారు. అతను పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. ఆమె అదే వాడలో, ఇంటికి నడిచి వచ్చేంత దూరంలో, ఒక చిన్న ఆయుర్వేద కంపెనీలో క్యాప్సూళ్లు నింపుతుంది. కంపెనీ అంటే పెద్దదేం కాదు. రేకుల కప్పు, పొడవాటి బల్లలు, బల్లల చుట్టూ తలకు టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడవాళ్లు. చిల్లులున్న ప్లాస్టిక్ పలకలో ఖాళీ క్యాప్సూళ్ల అడుగు ముక్కలు నిలబెట్టి, పైన పొడి పోసి, బద్దతో చదును చేసి, పై ముక్కలు పెట్టి నొక్కుతారు. సరిగ్గా పడితే టక్‌మని చిన్న చప్పుడు వస్తుంది. పలక మీద పడనివాటిని దుర్గాభవాని ఒక్కొక్కటే వేళ్ల మధ్య తిప్పి బిగిస్తుంది. ఆ చప్పుడు వినకుండా ఆమె చేతిలోంచి ఏ క్యాప్సూలూ కదలదు. పని నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన ఆడవాళ్లను సూపర్‌వైజర్ ఆమె పక్కనే కూర్చోబెడతాడు.

అక్కడ ఎక్కువగా నింపేది సరస్వతి ఆకు పొడి. జ్ఞాపకశక్తి పెరుగుతుందని పరీక్షల ముందు పిల్లలకు కొంటారు. సాయంత్రం దుర్గాభవాని ఇంటికి వచ్చేసరికి చీర, జుట్టు, గోళ్లు అన్నీ ఆ ఎండిన ఆకు వాసనే. చిన్నప్పుడు హిమజ పడుకునే ముందు ఆ కొంగులోనే మొహం దాచుకునేది.

చదువు దగ్గర ఆ పిల్లను ఆపగలిగింది దుర్గాభవాని ఒక్కతే. ఆమె చదివింది ఐదో తరగతి. కూతురి పుస్తకంలో ఏముందో ఆమెకు తెలియదు. కానీ చూపు పుస్తకం దాటిపోతే మాత్రం తెలుస్తుంది. చిక్కుడుకాయలు తుంచుతూనో, వెల్లుల్లి ఒలుస్తూనో పక్కన కూర్చుని, పిల్ల కళ్లు కిటికీ వైపు తిరగ్గానే నేల మీద వేలితో కొట్టేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. అలా పదో తరగతి అయింది, ఇంటర్ అయింది. ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో బీ ఫార్మసీ సీటు వచ్చింది. ఆరోజు దుర్గాభవాని కంపెనీ బల్లల చుట్టూ తిరిగి లడ్డూలు పంచింది.

"నేను గోలీలు నింపుత. నా బిడ్డ గోలీలు తయారుజేస్తది" అని అందరికీ చెప్పింది.

కాలేజీలో పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. హిమజ మొదటి సంవత్సరంలోనే జారింది. రికార్డు రాద్దామని కూర్చుంటే పెన్నులో ఇంకు చూసేది, ఇంకు కోసం బ్యాగు వెతికేది, బ్యాగులో కనిపించిన పాత చున్నీ ఉతకడానికి లేచేది. చున్నీ తీగ మీద ఆరేది, రికార్డు తెల్లగానే ఉండేది. ఇంటర్నల్ పరీక్ష ఒకరోజైతే ఇంకోరోజు తయారై వెళ్లేది. అడిగిన ప్రశ్నకు జవాబు సగం చెప్పి, మిగతా సగం ఎటో పోయి, క్లాసంతా చూస్తుంటే నిలబడిపోయేది. తెలివి ఉంది, శ్రద్ధ లేదు అన్నారు లెక్చరర్లు. రెండో సంవత్సరం మొదలయ్యేసరికి తప్పిన సబ్జెక్టులు వెనక పోగుపడ్డాయి.

ఆ ఏడాది కాలేజీలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద ఒక సభ పెట్టారు. ఉప్పల్‌లో క్లినిక్ నడిపే డాక్టర్ ఆమని వచ్చి మాట్లాడింది. వస్తువులు పోగొట్టుకోవడం, మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేయడం, కూర్చున్నచోట కాళ్లు చేతులు ఆడిస్తూ ఉండటం, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మనసు వేరేచోటికి వెళ్లడం గురించి చెబుతూ పోయింది. పక్కన కూర్చున్న గీతిక హిమజను మోచేత్తో పొడిచింది. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే బెంచీ.

"నీ బయోడేటా సదువుతున్నదే మేడం" అంది.

హిమజ నవ్వలేదు. సభ అయ్యాక అందరూ సమోసాల వైపు వెళితే ఆమె వేదిక వైపు వెళ్లింది.

క్లినిక్‌కు దుర్గాభవాని కూడా వచ్చింది. చిన్నప్పటి సంగతులు తల్లి నోట వినాలని డాక్టర్ అడిగింది. పోయిన చెప్పు కథ దుర్గాభవాని నవ్వుతూ చెప్పింది. డాక్టర్ నవ్వకుండా విన్నది. ఇంకోసారి రమ్మంది, ఏవేవో పరీక్షలు చేసింది, చివరికి చెప్పింది.

"దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. బద్ధకం కాదు, పొగరు కాదు, పెంపకం తప్పూ కాదు. చూపును ఒక పని మీద నిలిపి ఉంచడానికి మెదడులో కొన్ని రసాయనాలు సమయానికి అందాలి. ఈ అమ్మాయికి అవి సరిగ్గా అందడం లేదు. చాలామందికి ఇది చిన్నప్పుడే ఉంటుంది, ఇంట్లో ఎవరో కనిపెట్టుకుని ఉండటం వల్ల బయటపడదు. కాలేజీకి వచ్చాక పడుతుంది."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో హిమజ ఏడ్చింది. పన్నెండేళ్లుగా తిన్న తిట్లన్నీ తనవి కావని ఒకరు చెప్పారు. అది చాలు. దుర్గాభవాని ఒళ్లో మందుల కవరు పెట్టుకుని, కూతురి చేయి పట్టుకుని కూర్చుంది. హబ్సిగూడ దాటాక మెల్లగా అడిగింది.

"పెండ్లయినంక గూడ మింగాల్నా ఇవి?"

"ఏమో అమ్మా. గప్పుడు సూద్దాం. నువ్వు మాత్రం ఎవరికి జెప్పకు. మీ కంపెనీల అస్సలు జెప్పకు."

"నీ మీద ఒట్టు బిడ్డా. నేనెందుకు జెప్త?"

రోజూ పొద్దున ఒక క్యాప్సూల్. ఈ మందు మెల్లగా పనిచేస్తుంది, నాలుగైదు వారాలు ఓపిక పట్టాలి అని డాక్టర్ ముందే చెప్పింది. ఓపిక పట్టింది. ఒక ఆదివారం హిమజ రికార్డు ముందు కూర్చుని, బొమ్మ గీసి, పేర్లు రాసి, పేజీ తిప్పి, ఇంకో బొమ్మ గీసి, తల ఎత్తేసరికి పని అయిపోయింది. సిగ్నల్ పనిచేయని సాయంత్రం ఉప్పల్ రింగు రోడ్డులా ఉండే తలలో ఎవరో కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు. బండ్లు అన్నీ ఉన్నాయి, కానీ ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి. తక్కినవాళ్లందరికీ రోజూ ఇలాగే ఉంటుందా అని ఆమె ఆశ్చర్యపోయింది. కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ సాయంత్రం దుర్గాభవాని అలవాటుగా పళ్లెంలో గోకరకాయలు వేసుకుని పక్కన కూర్చోబోయింది.

"నువ్వు పండుకో అమ్మా. నేను సదువుకుంట."

దుర్గాభవాని పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మందుతో ఒక చిక్కు ఉంది. ఆకలి చచ్చిపోయింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవడానికే హిమజకు మనసయ్యేది కాదు. సాయంత్రం తల్లి డబ్బా కడగబోతే మూత కింద పొద్దుటి అన్నం అలాగే ఉండేది. మెడ కింద ఎముకలు తేలాయి. ఇంకో చిక్కు హిమజదే. గోలీ వేసుకుందో లేదో ఆమెకు గుర్తుండదు. ఒకరోజు వేసుకుని, మరిచిపోయి, మళ్లీ వేసుకుంది. ఉప్పల్ మెట్రో మెట్ల దగ్గర గుండె దడదడలాడి, వాంతి చేసుకుని, గీతిక భుజం మీద వాలిపోయింది.

ఆ రాత్రి స్ట్రిప్పులన్నీ తెచ్చి తల్లి ఒడిలో వేసింది.

"నువ్వే ఇయ్యి అమ్మా, రోజు పొద్దుగాల నీ చేతితోటి. నాకు నా మీద నమ్మకం లేదు."

దుర్గాభవాని స్ట్రిప్పులను బీరువాలో పెట్టి తాళం వేసింది. మర్నాటి నుంచి పొద్దున్నే ఒక చేతిలో గోలీ, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు. మింగిందాకా ముందు నిలబడేది. ఒక్కరోజూ తప్పలేదు. హిమజకు ఇక వేసుకున్నానా లేదా అన్న బెంగ లేకుండా పోయింది.

కానీ రోజులు గడిచేకొద్దీ తలలో కానిస్టేబుల్ కనిపించడం మానేశాడు. మళ్లీ అంతా పాతలాగే. మళ్లీ పెన్ను, ఇంకు, చున్నీ. డాక్టర్ దగ్గరికి వెళితే మోతాదు పెంచింది. ఇంకోసారి పెంచింది. రెండోసారి దుర్గాభవాని వైపు తిరిగి అడిగింది.

"రోజూ ఇస్తున్నారా అమ్మా?"

"ఒక్క రోజు గూడ తప్పలే మేడం."

"ఆకలి ఎలా ఉంది?"

"ఇప్పుడు మంచిగ తింటున్నది మేడం. ఒళ్లు చేసింది."

డాక్టర్ నుదురు చిట్లించింది. మోతాదు పెరిగితే ఆకలి పెరగడం ఆమెకు వింతగా అనిపించి ఉంటుంది. ఇంకో నెల చూసి మందు మారుద్దాం అంది.

కొందరి మీద ఈ మందు పనిచేయదని హిమజ ఫోనులో చదివింది. ఆ కొందరిలో తనను కలుపుకుంది. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. అసలు జబ్బే లేదేమో. ముందు ఆ కొద్దిరోజులు బాగుండటం కూడా తన భ్రమేమో. లెక్చరర్లు అన్నదే నిజమేమో. గీతిక ఫోన్ చేస్తే ఎత్తడం మానేసింది. కాలేజీకని బయల్దేరి, బస్సు ఎక్కకుండా మెట్రో స్టేషన్ కింద బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే జనాన్ని చూసి ఇంటికి తిరిగి వచ్చిన రోజులున్నాయి. ఒకరోజు తల్లి ఒడిలో తల పెట్టి ఏడ్చింది.

"నేను బాగుపడనేమో అమ్మా."

దుర్గాభవాని తల నిమిరింది. "ఫికర్ జేయకు బిడ్డా. నేనున్న గద" అంది.

రెండో సంవత్సరం పరీక్షలు దగ్గరపడ్డాయి. వెనక తప్పినవాటిలో కనీసం మూడు సబ్జెక్టులు గట్టెక్కితేనే మూడో సంవత్సరంలోకి పంపుతారు. లేదంటే ఏడాది ఆగాలి, చిన్నవాళ్లతో మళ్లీ కూర్చోవాలి. గీతిక ఆ సంగతి విని ఇంటికొచ్చి బలవంతంగా ఆమెను మళ్లీ బస్సు ఎక్కించింది.

ల్యాబ్ పరీక్ష రోజు. ఇంట్లో హడావుడి. కంపెనీ నుంచి దుర్గాభవానికి ఫోన్ వచ్చింది. ఆమె మాట్లాడుతూనే గోలీ కూతురి అరచేతిలో పెట్టి, నీళ్ల బాటిల్ బ్యాగులో దూర్చి, వేసుకోమని సైగ చేసి లోపలికి వెళ్లింది. వేసుకుంటాననుకుంటూనే హిమజ చెప్పులు వేసుకుంది, హాల్ టికెట్ వెతికింది, మెట్లు దిగింది. గోలీ పిడికిట్లోనే ఉంది.

బస్సు బోడుప్పల్ దాటి ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఇరుక్కుంది. గీతిక ఏవో ప్రశ్నలు అడుగుతోంది. హిమజ జవాబులు చెబుతూ, తెలియకుండానే, చేతిలో ఉన్నదాన్ని వేళ్ల మధ్య తిప్పుతోంది. ఆమె వేళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి తిప్పుతూనే ఉంటాయి, పెన్ను మూతో, చున్నీ కొసో. ఏదో ఊడినట్టయింది. చూస్తే క్యాప్సూల్ రెండు ముక్కలు. ఒళ్లో ఉన్న తెల్ల ఏప్రాన్ మీద ఆకుపచ్చ పొడి పడి ఉంది.

"ఏందే గది, మెహందీనా?" అంది గీతిక.

హిమజ ఆ పొడిని వేలికి అద్దుకుని చూసింది. డాక్టర్ రాసిన మందు తెల్లగా ఉంటుంది. చదివింది, చూసింది కూడా. ఏప్రాన్ ముక్కు దగ్గరికి తీసుకుంది. వాసన ఏమిటో తెలియడానికి ఆమెకు క్షణం పట్టలేదు. పుట్టినప్పటినుంచి పీల్చిన వాసన అది.

"హిమా? ఏమైంది? నిన్నే."

"నేను దిగుత."

"ల్యాబ్ ఎగ్జామ్ ఉందే పిచ్చిదానా."

"మధ్యాహ్నం బ్యాచ్‌ల రాస్త. సార్‌కు జెప్పు."

బస్సు ఎలాగూ కదలడం లేదు. దిగి, ఎదురు వైపు నడిచి, ఆటో ఎక్కి నాచారం వచ్చింది. కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌తో కబురు చేసింది. చాయ్ వేళ అయింది. దుర్గాభవాని తల టోపీ, చేతి తొడుగులతోనే బయటికి వచ్చింది. వెనకాలే చాయ్ కప్పుతో సాలమ్మ వచ్చింది. ఆ బల్ల దగ్గర ఇరవై ఏళ్లుగా దుర్గాభవాని పక్క సీటు ఆమెదే.

"ఏమైందే? బస్సు పోయిందా? ఇయ్యాల గూడనా?" అంది దుర్గాభవాని.

హిమజ పిడికిలి తెరిచింది. రెండు ముక్కలు, చెమటకు అంటుకున్న పచ్చటి పొడి.

దుర్గాభవాని ఆ ముక్కల వైపు చూసింది. ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

"టక్కుమనలేదా గది?"

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు ఆమెకు. తొడుగు వేసుకున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. సాలమ్మ తొంగి చూసింది.

"గిది మన సరుకే గద. దుర్గా, ఇంక జెప్పలేదా పిల్లకు?"

హిమజ ఆమె వైపు తిరిగింది. "నీకు తెల్సా అత్తా?"

"అందరికి తెల్సు బిడ్డా. మేమే జెప్పినం. ఎర్రగడ్డ గోలీలు వయసు పిల్లకెందుకు, రేపు పిల్లలు గాకపోతె ఎవరడుగుతరు, మన ఆకు పెట్టు అని. మా మరిది బిడ్డ గిదే తిన్నది. బ్యాంకుల కొలువొచ్చింది."

ఎర్రగడ్డలో పెద్ద మానసిక చికిత్సాలయం ఉంది. ఈ ఊళ్లో ఎవరినైనా పిచ్చివాళ్లని అనాలంటే ఆ పేట పేరు చెబితే చాలు. బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా తన గురించి ఆ మాట అనుకున్నారని హిమజకు ఇప్పుడు తెలిసింది. పండక్కి వెళితే వాళ్లు బుగ్గలు పుణికి, చదువెట్ల ఉంది బిడ్డా అని అడిగినప్పుడల్లా ఆ మాట మనసులో పెట్టుకునే అడిగారన్నమాట.

"నువ్వు పోవే సాలమ్మా" అంది దుర్గాభవాని. సాలమ్మ కదల్లేదు.

"ఎప్పటిసంది అమ్మా?"

"నాలుగు రోజులు అసలుదే ఇచ్చిన బిడ్డా. ఐదో రోజు టిఫిన్ డబ్బ నిండుగనే తెచ్చినవ్. నీ మెడ కింది బొక్కలు సూసి నాకు అన్నం దిగలే."

"అండ్ల ఉన్న మందేం జేసినవ్?"

"సింకుల పోసిన."

"మోతాదు పెంచినంక గూడ?"

దుర్గాభవాని తల ఊపింది. "విషం పెట్టిన్నా నేను? ఆకే గద పెట్టిన. తింటున్నవ్, పండుకుంటున్నవ్, మనిషివైనవ్. ఏం తక్కువైంది?"

"నేను బాగైతలేనని ఏడిస్తే తల నిమిరినవ్."

"మరేం జేయాలె? తల్లిని గద."

"అమ్మా, నేను మందు పనిజేస్తలేదనుకోలే. నేనే పనిజేస్తలేననుకున్న."

దుర్గాభవానికి ఆ మాట అందలేదో, అందీ పట్టుకోలేకపోయిందో. లోపల గంట మోగింది. సాలమ్మ ఆమె చేయి పట్టి లాగింది. హిమజ మధ్యాహ్నం బ్యాచ్‌లో ల్యాబ్ పరీక్ష రాసింది. ఏప్రాన్ మీద మరక చూసి ఎగ్జామినర్ ఏమిటది అని అడిగితే, ఆకు అంది.

సాయంత్రం మహిపాల్ ఇంటికి వచ్చి, కూతురి మొహం, భార్య మొహం చూసి, అడగకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఆ కూర్చున్న తీరులోనే హిమజకు అర్థమైంది.

"నీకు గూడ తెల్సు గద డాడీ."

"ఓ ఆదివారం వంటింట్ల నింపుతుంటె సూసిన."

"నాకెందుకు జెప్పలే?"

మహిపాల్ చేతుల మీది ఇనుప మసిని గోరుతో గీక్కున్నాడు. "తింటున్నవ్ గద అనుకున్న బిడ్డా. ఇల్లు జర సల్లగున్నది. మళ్ల లొల్లి ఎందుకని."

మర్నాడు ముగ్గురూ డాక్టర్ ఆమని దగ్గర కూర్చున్నారు. డాక్టర్ విన్నంతసేపు పెన్ను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని ఉంది. తర్వాత దుర్గాభవానితో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"పనిచేయడం లేదని నేను మోతాదు పెంచుతూ పోయాను. ఏదో ఒకరోజు మీరు ఊళ్లో లేక, పిల్ల బీరువా తెరిచి ఆ పెద్ద గోలీ నేరుగా వేసుకుని ఉంటే? ఆకలి లేదన్న మాట నాతో ఒక్కసారి అని ఉండాల్సింది. అన్నం తిన్నాక ఇవ్వమనేదాన్ని, తగ్గించేదాన్ని, లేదా మార్చేదాన్ని."

"మీరు మందులు రాసేటోళ్లు మేడం" అంది దుర్గాభవాని. "మానెయ్యమని మీరెందుకంటరు?"

డాక్టర్ బల్ల మీది పెన్ను చేతిలోకి తీసుకుంది. హిమజ వైపు తిరిగింది.

"మళ్లీ తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టాలి. ఈ పరీక్షలకు మాత్రం అందదు. నీకు అబద్ధం చెప్పను. ఇంకో మాట. ఈసారి ఎవరి చేత్తో వేసుకుంటావో నువ్వే నిర్ణయించుకో. వేసుకున్నానా లేదా అని అనుమానం వచ్చిన రోజు మానెయ్. ఒకరోజు మానితే ఏం కాదు, రెండు వేసుకుంటేనే ప్రమాదం."

"నేనే వేసుకుంట మేడం" అంది హిమజ.

పరీక్షలకు ఉన్న రెండు వారాలూ గీతికే తోడు. వీడియో కాల్ పెట్టుకుని, మాటలు లేకుండా, చెరో ఇంట్లో చెరో పుస్తకం ముందు కూర్చునేవాళ్లు. ఒక సాయంత్రం దుర్గాభవాని చిక్కుడుకాయల పళ్లెంతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"పక్కకు కూసోనా?"

"వద్దు."

"నేనేమనను. ఉత్తగ కూసుంట."

హిమజ లేచి తలుపు వేసుకుంది. తలుపు అవతల చాలాసేపు అడుగుల చప్పుడు వినిపించలేదు. హిమజ చూపు పేజీ మీద నిలవలేదు. నేల మీద వేలితో కొట్టే చప్పుడు కోసం చెవులు తమంతట తామే ఎదురుచూశాయి. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఫలితాలు వచ్చాయి. రెండు సబ్జెక్టులు గట్టెక్కాయి. మూడోది కొద్ది మార్కుల్లో పోయింది. గీతిక మూడో సంవత్సరంలోకి వెళ్లింది. హిమజ ఆగిపోయింది.

వారం తర్వాత పక్కింటి ఆవిడ అడుగుతుంటే దుర్గాభవాని గేటు దగ్గర చెప్పడం హిమజ చెవిన పడింది.

"కామెర్లైనయ్ వదినా. పరీక్షలప్పుడే. ఏం జేస్తం, ఏడాది పాయె."

చెబుతున్న గొంతు ఎక్కడా తడబడలేదు. హిమజ కిటికీ దగ్గర నిలబడి పూర్తిగా విన్నది. బయటికి వెళ్లి కాదనొచ్చు. కాదంటే ఏది నిజమో చెప్పాలి. కిటికీ మూసింది.

గోలీలు ఇప్పుడు అద్దం పక్కన అరలో ఉంటాయి. రోజుల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొనుక్కుంది. అది మూడో వారానికే ఎక్కడో పోయింది. ఫోనులో అలారం పెట్టుకుంది. మోగితే ఆపుతుంది, ఆపాక ఎందుకు మోగిందో మరిచిపోయిన రోజులున్నాయి. అయినా ఎక్కువ రోజులు సరిగ్గానే వేసుకుంటోంది. మందు మళ్లీ మెల్లగా పనిచేయడం మొదలుపెట్టింది. ఇడ్లీలు తిన్నాక వేసుకుంటే ఆకలి కూడా అంతగా చావడం లేదు. ఇంత చిన్న మార్పు కోసమా ఏడాది పోయింది అని తిన్నప్పుడల్లా అనుకుంటుంది.

తల్లి వండింది తింటుంది. తల్లి ఉతికిన బట్టలు కట్టుకుంటుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది. దుర్గాభవాని పొద్దున పూట వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుంటుంది. ఏమీ అనదు. అనకూడదని మహిపాల్ చెప్పాడు.

కాలేజీ మళ్లీ తెరిచారు. చిన్నవాళ్లతో పాత క్లాసు. హిమజ జడ వేసుకుని, బ్యాగు భుజాన వేసుకుని, చెప్పుల కోసం వంగింది.

"హిమా" అంది దుర్గాభవాని వెనకనుంచి. "ఇయ్యాల ఏసుకోలే నువ్వు."

హిమజ ఆగింది. వేసుకున్నట్టే ఉంది. గ్లాసు ఎత్తినట్టు, నీళ్లు చల్లగా దిగినట్టు గుర్తుంది. అది ఈరోజుదో, నిన్నటిదో. అర దగ్గరికి వెళ్లి స్ట్రిప్పు తీసి చూసింది. చిరిగిన గడులు, నిండు గడులు. నిన్న ఎన్ని ఉన్నాయో చూసి పెట్టుకోలేదు.

"నేను సూస్తనే ఉన్న బిడ్డా. తల దువ్వుకున్నవ్, ఫోన్ మోగితె ఆపినవ్, మళ్ల ఆడికి పోలే. గోలీ ముట్టలే."

హిమజ తల్లి మొహం వైపు చూసింది. కళ్లు తిప్పుకోకుండా చూసింది. ఆ మొహంలో అబద్ధం ఏమీ కనిపించలేదు. గ్లాసు పట్టుకుని ముందు నిలబడ్డ రోజుల్లో కూడా కనిపించలేదు. ఒక్క రోజు గూడ తప్పలే మేడం అన్నప్పుడు కూడా ఇదే గొంతు.

"నిజంగ బిడ్డా" అంది దుర్గాభవాని.

నిజమే అయి ఉండొచ్చు. హిమజ స్ట్రిప్పును వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పింది. కింద రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. అనుమానం వచ్చిన రోజు మానెయ్యమంది డాక్టర్. స్ట్రిప్పు అరలో పెట్టేసి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగింది.